జేన్ కౌచ్: బాక్సింగ్ లైసెన్సు కోసం ఒక పోరాటం

ఉపోద్ఘాతం

1996 మే నెలలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో జరిగిన పోటీలో ఫ్రాన్స్ బాక్సర్ సాండ్రా గైగర్‌ను ఓడించి జేన్ కౌచ్ మహిళల వెల్టర్‌వెయిట్ విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. ఆమె ఇంగ్లండ్ దేశస్థురాలు. అయితే ఆ రోజుకి ఇంగ్లండ్‌లో ఒక్క రౌండ్ అయినా అధికారికంగా ఆడే అవకాశం ఆమెకు లేదు. అక్కడ గుర్తింపు పొందిన ప్రొఫెషనల్ పోటీల్లో పాల్గొనాలంటే లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు మహిళలకు ఇచ్చేవారు కాదు. ప్రపంచ టైటిల్ గెలిచిన వ్యక్తికి సొంత దేశంలో తన పని తాను చేసుకునే వీలు ఎందుకు లేకపోయింది? ఆ పరిస్థితి ఎలా మారింది? మారాక ఆమెకు ఏం దక్కింది? ఈ విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇది క్రీడలకు సంబంధించిన పాఠమే అయినా, మహిళలు, ఉపాధి, చట్టం అనే అంశాలను చదువుతున్నవారికి కూడా ఉపయోగపడుతుంది.

అమెచ్యూర్ బాక్సింగ్, ప్రొఫెషనల్ బాక్సింగ్

ముందుగా ఒక తేడాను గమనించాలి. మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన పోటీలు అమెచ్యూర్ బాక్సింగ్‌కు చెందినవి. ఈ పద్ధతిలో క్రీడాకారులను ఆయా దేశాల సమాఖ్యలు ఎంపిక చేసి పంపుతాయి. పోటీ మూడు రౌండ్లలో ముగుస్తుంది. ప్రొఫెషనల్ బాక్సింగ్ పద్ధతి వేరు. ఇక్కడ ప్రమోటర్ అనే వ్యాపారి పోటీని ఏర్పాటు చేస్తాడు. టికెట్లు, టీవీ హక్కులు అమ్ముతాడు. ఒక్కో పోటీకి ఇంత అని బాక్సర్‌తో ఒప్పందం చేసుకుంటాడు. మహిళల టైటిల్ పోటీలు సాధారణంగా రెండేసి నిమిషాల చొప్పున పది రౌండ్లు సాగుతాయి. తలకు రక్షణ కవచం ఉండదు. ఈ పోటీల మీద వచ్చే డబ్బే బాక్సర్‌కు జీవనాధారం. అందుకే ఈ పాఠంలో బాక్సింగ్‌ను ఆటగానే కాక ఒక వృత్తిగా కూడా చూడవలసి ఉంటుంది.

బ్రిటన్‌లో ఈ వృత్తిని 1929 నుంచి బ్రిటిష్ బాక్సింగ్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్ అనే సంస్థ నియంత్రిస్తున్నది. బాక్సర్, మేనేజర్, శిక్షకుడు, ప్రమోటర్, రిఫరీ అందరూ దాని లైసెన్సు తీసుకోవలసినవారే. ఇది ప్రభుత్వ శాఖ కాదు, ప్రైవేటు సంస్థ. దాని అనుమతి లేకుండా బాక్సింగ్ చేయడం నేరం కూడా కాదు. అయినా లైసెన్సు లేని బాక్సర్‌తో పేరున్న ప్రమోటర్ ఒప్పందం చేసుకోడు, పెద్ద హాళ్లు దొరకవు, టీవీ వాళ్లు రారు. చట్టం చేసే అధికారం లేని సంస్థకు ఒకరి బతుకుతెరువును ఆపే శక్తి ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

ముందు నడిచినవారు

బ్రిటన్‌లో మహిళల బాక్సింగ్ కొత్తగా పుట్టింది కాదు. ఎలిజబెత్ విల్కిన్‌సన్ అనే మహిళ లండన్‌లో బహుమతి డబ్బు కోసం పోటీకి దిగినట్లు 1722 నాటి పత్రికా ప్రకటనలు చెబుతున్నాయి. ఆ తర్వాతి కాలంలో ఇటువంటి పోటీలు క్రమంగా తిరునాళ్ల డేరాలకు పరిమితమైపోయాయి.

1940లలో యార్క్‌షైర్‌కు చెందిన బార్బరా బట్రిక్ ఆ డేరాలలోనే బాక్సింగ్ నేర్చుకుని పోటీలు చేశారు. ఆమె ఎత్తు అయిదడుగులు కూడా లేదు. స్వదేశంలో అధికారిక పోటీలకు దారి లేక 1952లో అమెరికా వెళ్లిపోయారు. నాలుగు దశాబ్దాల తర్వాత, 1993లో, ఆమే మహిళల కోసం ఒక అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్యను స్థాపించారు. కోపెన్‌హాగన్‌లో జేన్ కౌచ్ గెలిచిన బెల్టు ఆ సమాఖ్యదే. బ్రిటన్‌లో చోటు దొరకక వలస వెళ్లిన బాక్సర్ నెలకొల్పిన టైటిల్‌ను, బ్రిటన్‌లో లైసెన్సు లేని మరో బాక్సర్ మరో దేశంలో గెలుచుకున్నారన్నమాట.

ఫ్లీట్‌వుడ్ నుంచి కోపెన్‌హాగన్ దాకా

జేన్ కౌచ్ 1968లో ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని ఫ్లీట్‌వుడ్‌లో జన్మించారు. అది సముద్రపు చేపల వేట మీద బతికిన పట్టణం. 1970లలో ఐస్‌లాండ్‌తో తలెత్తిన చేపల వేట వివాదాల తర్వాత దూర సముద్రాల్లో వేట దెబ్బతిని, పట్టణంలో పనులు తగ్గిపోయాయి. కౌచ్ చదువు పెద్దగా సాగలేదు. పక్కనున్న పర్యాటక పట్టణం బ్లాక్‌పూల్ పేరుతో అమ్ముడయ్యే గట్టి మిఠాయి కడ్డీలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె పనిచేశారు. యౌవనంలో తాగుడు, వీధి తగాదాలతో కాలం గడిచిందని తన గురించి ఆమే దాపరికం లేకుండా చెప్పుకున్నారు.

దాదాపు 26 ఏళ్ల వయసులో అమెరికా మహిళా బాక్సర్ల మీద తీసిన ఒక డాక్యుమెంటరీని ఆమె టీవీలో చూశారు. ఇలాంటి పని ఒకటి ఉందని, అది ఆడవాళ్లు కూడా చేస్తున్నారని ఆమెకు అప్పుడే తెలిసింది. సాధారణంగా బాక్సర్లు పది పన్నెండేళ్ల వయసులో సాధన మొదలుపెడతారు. ఆ లెక్కన ఆమె చాలా ఆలస్యంగా వచ్చినట్లే. అయినా 1994లో తొలి పోటీ గెలిచి, రెండేళ్లు తిరగకముందే ప్రపంచ టైటిల్ అందుకున్నారు. ఈ వేగానికి ఆమె దెబ్బలకు వెనుకాడని తీరు ఒక కారణం. ఆనాడు మహిళా ప్రొఫెషనల్ బాక్సర్ల సంఖ్య చాలా తక్కువగా ఉండడం మరో కారణం. రెండోదాన్ని చెప్పడం వల్ల ఆమె విజయం విలువ తగ్గదు. పోటీదారుల కొరత ఆమె వృత్తి జీవితం పొడవునా వెంటాడిన సమస్య కాబట్టి దాన్ని గుర్తుంచుకోవాలి.

ట్రిబ్యునల్ ముందు

బెల్టుతో తిరిగివచ్చిన కౌచ్ లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకున్నారు. బోర్డు నిరాకరించింది. ఆమె సమాన అవకాశాల కమిషన్ సహాయంతో, న్యాయవాది సారా లెస్లీ ద్వారా ఉపాధి వివాదాలను విచారించే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. కేసుకు ఆధారం 1975 నాటి లింగ వివక్ష నిరోధక చట్టం. ఒక వృత్తి చేయడానికి అవసరమైన అనుమతిని ఇచ్చే సంస్థ ఆడ, మగ తేడా చూపకూడదని అప్పుడు అమల్లో ఉన్న ఆ చట్టం చెప్పేది. సంస్థ ప్రైవేటుదా, ప్రభుత్వానిదా అన్నది ఇక్కడ లెక్కలోకి వచ్చేది కాదు.

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరపడే విషయం ఒకటి ఉంది. అదే చట్టంలో క్రీడలకు ఒక మినహాయింపు కూడా ఉండేది. శరీర బలం వల్ల సగటు స్త్రీకి సగటు పురుషుడితో పోటీలో నష్టం కలిగే ఆటల్లో వేర్వేరు పోటీలు పెట్టుకునే వీలుండేది. కానీ కౌచ్ మగవాళ్లతో తలపడతానని అడగలేదు. మరో మహిళతో, అదే బరువు విభాగంలో, బోర్డు నిబంధనల కింద పోటీ చేస్తానన్నారు. కాబట్టి ఆ మినహాయింపు ఆమె విషయానికి వర్తించేది కాదు.

బోర్డు ప్రధానంగా వైద్య కారణాలను ముందుకు తెచ్చింది. ఋతుస్రావానికి ముందు రోజుల్లో స్త్రీల మనసు నిలకడగా ఉండదని, అటువంటి స్థితిలో బాక్సింగ్ ప్రమాదమని, స్త్రీల శరీరం త్వరగా కమిలిపోతుందని వాదించింది. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఫలానా పనులు ముట్టుకోకూడదన్న మాట మన ఇళ్లలో వినని వారు అరుదు. అదే మాట డాక్టర్ల భాషలో, ఇరవయ్యో శతాబ్దం చివరి ఏళ్లలో, లండన్‌లో ఒక ట్రిబ్యునల్ ముందుకు వచ్చింది.

1998 మార్చి చివరిలో తీర్పు కౌచ్‌కు అనుకూలంగా వెలువడింది. బోర్డు వాదనలు స్త్రీల గురించి ముందే ఏర్పరచుకున్న మూస అభిప్రాయాల మీద ఆధారపడి ఉన్నాయని ట్రిబ్యునల్ తేల్చింది. అసలు బాక్సింగ్‌నే నిషేధించాలని అప్పటికే కోరుతున్న బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ మాత్రం ఈ తీర్పును తప్పుపట్టింది. ఆ సంఘం వైఖరికి, బోర్డు వైఖరికి ఉన్న తేడాను గమనించండి. బాక్సింగ్ ఎవరికైనా ప్రమాదమే అన్నది ఒక వాదన. మగవాళ్లకు లైసెన్సులు ఇస్తూ ఆడవాళ్లకే ప్రమాదం అనడం మరో వాదన. వివక్ష ఉన్నది రెండోదానిలోనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లింగ వివక్ష నిరోధక చట్టంలోని క్రీడా మినహాయింపు జేన్ కౌచ్ కేసుకు ఎందుకు వర్తించదు? నాలుగు వాక్యాల్లో రాయండి.

రక్షణ అనే మాట

లైసెన్సు ఇవ్వకపోవడం స్త్రీల రక్షణ కోసమేనన్నది బోర్డు వాదన సారాంశం. దీన్ని ఆ కాలపు వాస్తవాల పక్కన పెట్టి చూడాలి. 1991 సెప్టెంబరులో లండన్‌లో క్రిస్ యూబ్యాంక్‌తో జరిగిన పోటీలో మైకేల్ వాట్సన్ మెదడుకు తీవ్రమైన గాయమైంది. రింగ్ పక్కనే అందవలసిన అత్యవసర చికిత్స సకాలంలో అందలేదు. ఆయన బోర్డు మీద దావా వేశారు. రింగ్ పక్కన తగిన వైద్య ఏర్పాట్లు ఉండేలా చూడవలసిన బాధ్యత బోర్డుదేనని 1999లో హైకోర్టు తీర్పునిచ్చింది. 2000లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఈ మధ్యలో, 1995 అక్టోబరులో, గ్లాస్గోలో పోటీ చేసిన జేమ్స్ మరే అనే యువకుడు మెదడు గాయంతో మరణించాడు. వీరిద్దరూ లైసెన్సు ఉన్న పురుషులే.

బాక్సర్‌ను కాపాడేవి ఏమిటి? పోటీకి ముందు వైద్య పరీక్షలు, రింగ్ పక్కన డాక్టర్, సమయానికి పోటీ ఆపగల రిఫరీ, సరిసమానమైన ప్రత్యర్థి. ఇవి సమకూరేది లైసెన్సు వ్యవస్థ ద్వారానే. లైసెన్సు ఇవ్వనంత మాత్రాన మహిళలు బాక్సింగ్ మానలేదు. వారు ఎవరి పర్యవేక్షణా లేని పోటీల్లోకి లేదా పరాయి దేశాలకు వెళ్లారు. రక్షణ పేరుతో చేసిన పని ఆచరణలో ఉన్న కాస్త రక్షణను కూడా తీసేసింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. రాత్రి షిఫ్టులు, గనులు, కర్మాగారాల పనులకు సంబంధించి స్త్రీలపై పెట్టిన ఆంక్షలను చదివేటప్పుడు కూడా ఈ ప్రశ్న వేసుకోవచ్చు: ఆంక్ష పెట్టాక ఆ పని ఆగిపోయిందా, లేక కంటికి కనబడని చోటికి జరిగిందా?

లైసెన్సు వచ్చిన తర్వాత

1998 నవంబరు 25న దక్షిణ లండన్‌లోని స్ట్రెథమ్‌లో, సీజర్స్ అనే నైట్‌క్లబ్‌లో, బోర్డు అనుమతితో బ్రిటన్‌లో తొలి మహిళా ప్రొఫెషనల్ పోటీ జరిగింది. కౌచ్‌కు ప్రత్యర్థి జర్మనీ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల సిమోనా లుకిక్. పోటీ రెండో రౌండ్‌లోనే కౌచ్ గెలుపుతో ముగిసింది. ప్రపంచ చాంపియన్‌కు ఎదురుగా ఒక అనుభవం లేని అమ్మాయిని నిలబెట్టవలసి రావడం ఆనాటి స్థితిని చెబుతుంది. లైసెన్సు దొరికింది కానీ సమ ఉజ్జీలు దొరకలేదు.

డబ్బు విషయంలోనూ అంతే. ట్రిబ్యునల్ బోర్డు చేత తలుపు తెరిపించగలిగింది గానీ ప్రమోటర్ చేత పోటీ పెట్టించలేదు, టీవీ చానల్ చేత ప్రసారం చేయించలేదు. బ్రిటన్‌లో మహిళల పోటీకి పెట్టుబడి పెట్టడానికి పెద్ద ప్రమోటర్లు ముందుకు రాలేదు. బ్రిస్టల్ దగ్గర శిక్షకుడు టెక్స్ వుడ్‌వర్డ్ దగ్గర సాధన చేస్తూ కౌచ్ తన కష్టమైన పోటీల్లో చాలావాటిని విదేశాల్లోనే ఆడవలసి వచ్చింది. వాటిలో కొన్ని ప్రత్యర్థి సొంత గడ్డ మీద జరిగినవి. 2003 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో లెనాక్స్ లూయిస్, విటాలి క్లిచ్‌కో పోటీ జరిగిన రాత్రే, అదే రింగ్‌లో ఆమె నెదర్లాండ్స్ బాక్సర్ లూసియా రైకర్‌తో తలపడి పాయింట్ల మీద ఓడిపోయారు. మిలియన్ డాలర్ బేబీ సినిమా చూసినవారికి రైకర్ గుర్తుండే ఉంటారు. అందులో కథానాయిక చివరి ప్రత్యర్థి పాత్ర ఆమెదే. హాలీ హోమ్ చేతిలో కూడా కౌచ్ ఓడిపోయారు.

మొత్తం 39 పోటీల్లో 28 గెలిచి 11 ఓడారు. ఈ అంకెలు చూసి ఆమెను సాధారణ బాక్సర్‌గా లెక్కగట్టేవారు ఉన్నారు. పురుష చాంపియన్లకు మొదటి ఇరవై పోటీలు జాగ్రత్తగా ఎంపికచేసి పెట్టే మేనేజర్లు, పెట్టుబడి ఉంటాయి. పిలిచిన చోటికి, పిలిచినప్పుడు వెళ్లవలసివచ్చిన బాక్సర్ లెక్కను వాటి పక్కన పెట్టడం సరికాదు. 2007లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను ఎంబీఈ పురస్కారంతో గౌరవించింది. 2008లో ఆమె రింగ్ నుంచి విరమించుకున్నారు.

ఆమె విరమించిన నాలుగేళ్లకు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌కు తొలిసారి చోటు దొరికింది. తొలి స్వర్ణం ఇంగ్లండ్‌కే చెందిన నికోలా ఆడమ్స్ గెలిచారు. మన మేరీ కోమ్ అదే విభాగంలో కాంస్యం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పేరు తెచ్చుకున్న మహిళలు ప్రొఫెషనల్ రంగంలోకి రావడంతో ప్రమోటర్ల లెక్కలు మారాయి. 2022 అక్టోబరు 15న లండన్‌లోని ఓ2 ఎరీనాలో క్లరెస్సా షీల్డ్స్, సవానా మార్షల్ ప్రధాన పోటీగా జరిగిన కార్యక్రమంలో పోటీలన్నీ మహిళలవే. స్ట్రెథమ్ నైట్‌క్లబ్ ఉండేది కూడా ఆ నగరంలోనే. మధ్యలో గడిచింది 24 ఏళ్లు. 2024లో అమెరికాలోని అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో జేన్ కౌచ్ పేరు చేరింది. బార్బరా బట్రిక్ అంతకు ముందే అక్కడ ఉన్నారు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ప్రైవేటు సంస్థ అయిన బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు ఒక వృత్తిలోకి ప్రవేశాన్ని ఎలా నియంత్రించగలిగిందో వివరించండి.
2. మైకేల్ వాట్సన్ కేసును, జేన్ కౌచ్ కేసును పోల్చి, బాక్సర్ల రక్షణ గురించి బోర్డు చేసిన వాదనను పరిశీలించండి.
3. మీ ప్రాంతంలో మహిళలను దూరంగా ఉంచే ఒక పనిని ఎంచుకుని, అందుకు చెప్పే కారణాలను, అనుమతి ఎవరి చేతిలో ఉందన్న విషయాన్ని ఒక పేజీలో రాయండి.