లాగడం సరే... ఆపడం మాటేంటి?

సంక్రాంతికి ముందు వారం రోజుల తేడాలో నాకు రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది డల్లాస్ నుంచి మా బావ. క్యాంపర్ ట్రైలర్ కొన్నాడట. అంటే మంచాలు, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉండే చిన్న ఇల్లు. బండి వెనక తగిలించుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. "దీన్ని లాగడానికి ఏ పికప్ ట్రక్ తీసుకోమంటావు?" అని అడిగాడు. రెండోది కొత్తపేట దగ్గర పల్లె నుంచి మా బాబాయి. "ఒరేయ్ అబ్బాయ్, పాత ట్రాక్టరు అమ్మేస్తున్నా. యాభై హెచ్‌పీ చాలంటావా, అరవై తీసుకోనా? మన ధాన్యం, కొబ్బరికాయ తోలుకోవాలి. కిరాయికి కూడా తిప్పుదామని ఉంది."

నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. కానీ మా ఇంట్లో వాళ్ళ లెక్కలో ఇంజనీరంటే చక్రాలున్న ప్రతిదాని గురించీ చెప్పగలగాలి. ఇద్దరికీ సమాధానం చెప్పాలని కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే తెలిసిందేమిటంటే, ఇద్దరి ప్రశ్నా ఒకటే. "ఎంత లాగుతుంది?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. దానికన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. వెనక తగిలించినదాని బరువు మన బండి వీపు మీద ఎంత పడుతుంది? అంతా కలిపి ఆపాలంటే ఎంత దూరం కావాలి?

మొదటి ప్రశ్న మన తాతలకి బాగా తెలుసండి. ఎడ్లబండి తోలినవాళ్ళెవరైనా మీ ఊళ్ళో ఉంటే అడిగి చూడండి. బస్తాలు మరీ ముందుకి వేస్తే బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుంది. మరీ వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది, ఎద్దులకి పట్టు ఉండదు. అందుకే ఒక్క బస్తా అటూ ఇటూ జరిపి, కాడి చేత్తో ఎత్తి చూసి, అప్పుడు కట్టేవారు. క్యాంపర్ ట్రైలర్‌కి అమెరికావాళ్ళు చెప్పే సూత్రం అచ్చంగా ఇదే. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ముందున్న కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే హైవే మీద వేగంగా వెళ్ళేటప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఆ ఊపు ముదిరితే ముందున్న బండిని కూడా పక్కకి లాగేస్తుంది.

ఇక్కడే మా బావ లెక్క తప్పింది. అక్కడి పికప్‌ల ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేది లాగే బరువు. ఫోర్డ్ ఎఫ్-150 లాంటివాటికి సరైన ఇంజనూ, సరైన ప్యాకేజీ ఉంటే ఆరు టన్నుల దాకా చూపిస్తారు. బావ క్యాంపర్ సామానుతో కలిపి మూడున్నర టన్నులు. "సగమే కదా, ఏదైనా సరిపోతుందిలే" అన్నాడు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కనే ఒక స్టిక్కరు ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని దాని మీద ఒక అంకె ఉంటుంది, అది చదివి చెప్పమన్నాను. కిలోల్లోకి మారిస్తే 680 వచ్చింది. ఇప్పుడు చూడండి. మూడున్నర టన్నుల్లో పన్నెండు వంతులు కొక్కెం మీద పడితే 420 కిలోలు. కొక్కెం సరంజామా ఓ 40. బావ, అక్క, ఇద్దరు పిల్లలు కలిపి 270. మొత్తం 730. ఇంకా మంచినీళ్ళ డబ్బాలు, ఆవకాయ జాడీ ఎక్కనే లేదు. ఆరు టన్నులు లాగుతుందన్న బండి మూడున్నర టన్నుల దగ్గరే చేతులెత్తేసింది. లాగే శక్తి కాదు, మోసే శక్తి ముందు అయిపోయింది. దాంతో 250, 2500 అని పిలిచే పై తరగతి బండి చూసుకోమన్నాను. చూసుకుంటున్నాడు. ధర విని అక్క మాట్లాడటం మానేసిందట, అది వేరే సంగతి.

మన వైపు పికప్ సంగతి వేరు. ఇక్కడ పికప్ లాగదు, మోస్తుంది. కడియం నర్సరీ మొక్కలు, భీమవరం రొయ్యల ఐసు పెట్టెలు, అంబాజీపేట కొబ్బరి అన్నీ పికప్ మీదే పోతాయి. 2005లో టాటా ఏస్ వచ్చాక సందుల్లోకి కూడా సరుకు బండి దూరింది. బొలేరో పికప్‌లైతే రకాన్ని బట్టి టన్నూ మూడొందల కిలోల నుంచి రెండు టన్నుల దాకా మోస్తాయి. వెనక ఇంకోటి తగిలించుకుని లాగే పని మాత్రం మన డెల్టాలో ట్రాక్టరుదే.

లాగడం అనేది ఈ నేలకి కొత్త కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర కాలువలు నీళ్ళతో పాటు పడవల్నీ మోశాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. నీటి మీద తేలే బరువుని లాగడం తేలిక, ఆపడం కూడా అంత కంగారు పని కాదు. ఇప్పుడు అదే గట్టు మీద, తారు వేసిన ఇరుకు రోడ్డు మీద, ఓ పక్క కాలువ, ఇంకో పక్క చేలు పెట్టుకుని తొమ్మిది టన్నుల ట్రాక్టరూ ట్రాలీ పోతున్నాయి.

తొమ్మిది టన్నులా అంటారేమో. లెక్క చూడండి.

యాభై హెచ్‌పీ ట్రాక్టరు రెండు టన్నులు. ఖాళీ ట్రాలీ ఓ టన్నున్నర. మన బస్తా 75 కిలోలు, ఎనభై బస్తాలంటే ఆరు టన్నులు. మొత్తం తొమ్మిదిన్నర. తారు రోడ్డు మీద చక్రాలు దొర్లడానికి నూటికి రెండు వంతుల తోపు చాలనుకుంటే 190 కిలోల బలం కావాలి. "డెల్టా అంతా బల్లపరుపే గదా" అనుకుంటాం గానీ, కాలువ కాలువకీ వంతెన ఉంది. వంతెన ఎక్కడమంటే కొండ ఎక్కడమే. ఇరవై అడుగులకి ఒక అడుగు లేచే ఎగుడు అనుకున్నా ఇంకో 475 కిలోలు కలపాలి. ఆ మొత్తాన్ని గంటకి పది కిలోమీటర్ల వేగంతో లాగడానికి చక్రాల దగ్గర పాతిక హెచ్‌పీ సరిపోతుంది. యాభై హెచ్‌పీ ట్రాక్టరు తేలిగ్గా ఎక్కేస్తుంది. అరవై హెచ్‌పీ అదే వంతెనని కాస్త వేగంగా ఎక్కుతుంది, అంతే తేడా. బురద చేలోంచి బయటికి రావడం మాత్రం వేరు. అక్కడ దొర్లడానికే నూటికి పది వంతులు, అంటే 950 కిలోల బలం కావాలి. వెనక చక్రాలకి అంత పట్టు దొరకదు, దిగబడి తిరుగుతాయి. అప్పుడు పనికొచ్చేది హెచ్‌పీ కాదు, వెనక చక్రాల మీద బరువు. టైర్లలో నీళ్ళు నింపించడం, లేదంటే సగం లోడుతో గట్టెక్కి మిగతాది రోడ్డు మీద వేసుకోవడం.

సరే, లాగాం. ఇప్పుడు దిగాలి.

మన ట్రాలీలకి చాలావాటికి బ్రేకులు ఉండవు. తొమ్మిదిన్నర టన్నుల్నీ ఆపాల్సింది ట్రాక్టరు వెనక చక్రాలు రెండే. రెండు చక్రాల ట్రాలీ అయితే దాని బరువు కొంత కొక్కెం మీద పడి ఆ చక్రాలకి పట్టు ఇస్తుంది, మళ్ళీ ఎద్దుల మెడ సంగతే. పొడి తారు మీద, అన్నీ బాగుంటే, గంటకి 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే అది ఆగడానికి 27 మీటర్లు పడుతుంది. మనం చూసి కాలు వేసేలోపు పోయే ఎనిమిది మీటర్లు కలిపితే 35. కారైతే ఐదారు మీటర్లలో ఆగుతుంది. అదే ట్రాక్టరు వంతెన దిగుడులో ఉంటే 50 మీటర్లు దాటుతుంది. నాలుగు చక్రాల ట్రాలీకి కొక్కెం మీద బరువు పడదు కాబట్టి చదును రోడ్డు మీదే దాదాపు అంత. వాన పడి రోడ్డు తడిసిన దిగుడులో ఎంతో కూడా లెక్క వేశాను. ఆ అంకె మా పిన్నికి చూపించలేదు. వేగం 20కి తగ్గిస్తే పొడి రోడ్డు మీద 18 మీటర్లు చాలు. వేగం మూడో వంతు తగ్గితే దూరం సగమైంది.

దీనికో కొలబద్ద చెప్తాను. ఇసుజు డి-మ్యాక్స్ అనే పికప్ ఉంది. ఇక్కడ మనకి అమ్మేవి మన శ్రీసిటీలోనే తయారవుతాయి. అదే పేరున్న బండిని ఆస్ట్రేలియాలో క్యాంపర్లు లాగడానికి తెగ కొంటారు. అక్కడ దాని లాగే బరువు 3,500 కిలోలని రాస్తారు. కానీ అది ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటేనే. బ్రేకులు లేని ట్రైలరైతే 750 కిలోలే. అదే ఇంజను, అదే బండి. అమెరికాలోనూ అంతే. రాష్ట్రాన్ని బట్టి ట్రైలర్ బరువు ఒక గీత దాటగానే దానికి సొంత బ్రేకులు ఉండి తీరాలి. మా బావ క్యాంపర్‌కి కరెంటుతో పనిచేసే బ్రేకులు వచ్చాయి, వాటిని అదుపు చేసే పెట్టె డ్రైవరు ముందు ఉంటుంది. మా బాబాయి ట్రాలీ నిండితే ఏడున్నర టన్నులు. బ్రేకుల్లేకుండా అక్కడ ఒప్పుకునేదానికి పది రెట్లు. వేగం తక్కువన్న మాట నిజమే. కానీ వెనక నుంచి ఇసుక లారీ హారన్ కొడుతుంటే డ్రైవర్ కుర్రాడు ఇరవైలోనే పోతాడా?

కాబట్టి బాబాయికి చెప్పింది ఇది. యాభై హెచ్‌పీ తీసుకో. అరవైకి పెట్టే డబ్బు మిగిల్చి ట్రాలీకి బ్రేకులు పెట్టించు. ట్రాక్టరు బ్రేకులు నూనెలో మునిగి ఉండే రకం అయితే మేలు, దమ్ములో తిరిగేటప్పుడు బురద నీళ్ళు లోపలికి పోవు. ట్రాలీ బ్రేకులకి ట్రాక్టరు నుంచి కనెక్షన్ ఇవ్వాలి కాబట్టి ఆ వాల్వు బిగించే వీలుందో లేదో ట్రాక్టరు కొనేముందే షోరూములో అడుగు, కొన్నాక కాదు. ట్రాలీని కొక్కెం తక్కువ ఎత్తులో తగిలేలా చేయించు, లేకపోతే వంతెన ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలుతాయి.

ఇద్దరం కలిసి ట్రాలీ చేసే వర్క్‌షాపుకి వెళ్ళాం. బ్రేకులనగానే మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరూ అడగరు బాబూ. అడిగితే పెడతాం. పెట్టకూడదని ఏముంది? టిప్పింగు జాకీ ఎన్ని టన్నులది, రంగు ఏది, పేరు ఎక్కడ రాయాలి, ఇవే అడుగుతారు." ట్రాలీ ఇరుసుకి కూడా బ్రేకులు పడితే నా లెక్కలో ఆ 35 మీటర్లు ఇరవైకి వస్తాయి. ఆ పదిహేను మీటర్లు గట్టు రోడ్డు మీద స్కూలు సైకిలు ఒకటి అడ్డం వస్తే తెలుస్తాయి.

డబ్బు ఖర్చులేని సంగతి ఇంకోటుంది. ట్రాక్టరుకి కుడి, ఎడమ చక్రాలకి వేర్వేరు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. చేలో తిప్పడానికి విడివిడిగా వాడతాం. రోడ్డెక్కేముందు రెండూ కలిపి లాకు వేయాలి. వేయకుండా లోడుతో ఒక్క పెడలే తొక్కితే బండి ఒక పక్కకే తిరిగి ట్రాలీ అడ్డం పడుతుంది. మా ఊళ్ళో నేను చూసిన ఆరు ట్రాక్టర్లలో రెండింటికి ఆ లాకు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది.

కిరాయి మాట కూడా కాస్త గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. వ్యవసాయానికని రిజిస్టర్ చేసి, వ్యవసాయానికని ఇన్సూరెన్సు కట్టి, ఇసుకో ఇటుకో కిరాయికి తోలితే, ఏదైనా జరిగిన రోజున క్లెయిము కోర్టు దాకా పోవచ్చు. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషను, విడిగా ఇన్సూరెన్సు ఉండాలి. బస్తాల మీద కూలీల్ని ఎక్కించకూడదు. రాసిన బరువు మించితే 2019 సవరణ తర్వాత చట్టంలో జరిమానా ఇరవై వేలు, పైన ప్రతి టన్నుకీ రెండు వేలు. ఇవన్నీ విని బాబాయి, "అయితే ఇంట్లో కూర్చోమంటావా?" అన్నారు.

ట్రాక్టరు వచ్చింది. బ్రేకుల ట్రాలీ కూడా వచ్చింది. వెనక రేడియం స్టిక్కర్లు నేనే అంటించాను. ఇప్పుడు మా ఇద్దరి మధ్య మిగిలిన గొడవ బస్తాల మీదే. ఆయన పాత ట్రాలీలో నూరు వేసేవారు, నేను ఎనభై దగ్గర ఆగమంటున్నాను. మిల్లు ఎనిమిది కిలోమీటర్లు, ఒక ట్రిప్పు పెరిగితే నాలుగైదు లీటర్ల డీజిలు, కుర్రాడికి ఇంకో గంట. "ఆ డబ్బులు నువ్వు పంపుతావా?" అన్నారు. పంపుతానన్నాను. గట్టు రోడ్డు మీద ఎనభైకి ఒప్పుకున్నారు. సిద్ధాంతం వంతెన మీదుగా అవతలికి తోలే లోడు సంగతి ఇంకా తేలలేదు. దాళ్వా కోతల్లోపు తేల్చాలి.