ఆకాశమున గీచిన గీత

రాత్రివేళ మన ఇంటిమీదుగా ఎఱ్ఱని, పచ్చని దీపములతో విమానము పోవుచుండును. క్రిందనున్న మనకు దాని బాట కనబడదు. పైనున్న వైమానికునకును కనబడదు. అయినను అది తోచిన దిక్కునకు పోవుట లేదు. లెక్కగట్టి గీచిన యొక గీతవెంట పోవుచున్నది. ఆ గీతను గీచి, దానినుండి విమానము కుడికిగాని ఎడమకుగాని తొలగకుండ దారి చూపు యంత్రమును ఫ్లైట్ మేనేజ్‌మెంట్ కంప్యూటరు అందురు. 1982లో రాకపోకలు ప్రారంభించిన బోయింగ్ 767 మొదలుకొని పెద్ద విమానములలో ఇది సాధారణమైనది.

గోడ కట్టు మేస్త్రి ముందుగా రెండు మేకులు పాతి, వాని నడుమ దారము బిగించును. పిమ్మట ప్రతి ఇటుకను దారమునకు సరిచూచుకొనుచు పేర్చును. కంప్యూటరు పనియు నిట్టిదే. దాని మేకులకు వే పాయింట్లని పేరు. ప్రతి వే పాయింటునకు ఒక పేరును, అక్షాంశ రేఖాంశములును ఉండును. ఇట్టివి వేలకొలది కంప్యూటరు జ్ఞాపకములో నిలువయుండును. మార్పులు చేర్పులతో ఈ పట్టిక 28 దినముల కొకసారి క్రొత్తగా వెలువడును. వైమానికుడు తన ప్రక్కనున్న చిన్న మీటల పలకపై పేర్లను వరుసగా నొక్కగా, కంప్యూటరు ఆ బిందువులను గీతలతో కలుపును. భూమి గుండ్రనిది గనుక ఈ గీతలు నిజమునకు వంపు తిరిగినవే. భూగోళపు బొమ్మమీద రెండు నగరముల నడుమ దారము బిగించి చూచినచో, అన్నిటికన్న దగ్గరి దారి యేదో తెలియును. కంప్యూటరు గీచునది ఆ దారియే.

గీత యుండిన చాలదు. దానికి తానెంత దూరమున నున్నదో విమానమునకు తెలియవలెను. ఇందులకు మూడు విధములైన సాక్ష్యములు కలవు. మొదటిది విమానములోనే యుండు జడత్వ యంత్రము. ప్రతి కదలికను, ప్రతి మలుపును కొలిచి, బయలుదేరిన చోటునుండి ఎంత దూరము, ఏ దిక్కునకు వచ్చితిమో అది కూడుకొనుచుండును. బయటి సహాయము దీనికి అక్కరలేదుగాని, గంటలు గడచినకొలది పొరపాటు కొంచెము కొంచెముగా పెరుగును.

రెండవ సాక్షి రేడియో. మీ ఇంటి ఎఫ్.ఎం. రేడియోలో సంఖ్యలు 108 మెగాహెర్ట్‌జ్ వద్ద ముగియును. ఆ హద్దు దాటిన వెంటనే విమానములకు దిక్కు తెలుపు రేడియో కేంద్రముల సీమ మొదలగును. వీనికి తోడుగా దూరమును తెలుపు కేంద్రములును కలవు. విమానము ఒక సంకేతమును పంపును. నేలమీది కేంద్రము దానికి మారు పలుకును. ఒక నాటికల్ మైలు దూరము పోయి వచ్చుటకు సంకేతమునకు సెకనులో పది లక్షల వంతులు పండ్రెండు పట్టును. ఆ కాలమును బట్టి దూరము తేలును. ఇట్టి రెండు కేంద్రముల దూరములు తెలిసినచో, రెండు వృత్తములు ఖండించుకొను చోటును లెక్కగట్టవచ్చును. మూడవ సాక్షి ఉపగ్రహముల నుండి వచ్చు జి.పి.ఎస్. సంకేతము. నేడు ప్రధానమైనది ఇదియే. కంప్యూటరు ఈ సాక్ష్యములను తూచి, విమానమున్న చోటును నిర్ణయించును.

పిమ్మట అది రెండు సంగతులు చూచును: గీతకు విమానము ఎంత ప్రక్కగా నున్నది? దాని నడక గీతకు ఎన్ని డిగ్రీలు తేడాగా నున్నది? ఈ రెంటినిబట్టి ఏ ప్రక్కకు ఎంత వంగవలెనో ఆటో పైలట్‌కు ఆజ్ఞ ఇచ్చును. మలుపువద్ద మరింత ముందుచూపు కావలెను. గంటకు 450 నాటికల్ మైళ్ళ వేగముతో పోవు విమానము, గాలి లేనివేళ 25 డిగ్రీలు వంగి తిరిగినచో, దాని మలుపు వృత్తమునకు వ్యాసార్ధము సుమారు 11.7 కిలోమీటర్లు. లంబకోణపు మలుపైనచో, వే పాయింటునకు అంత దూరము ముందుగానే, అనగా ఇంచుమించు 50 సెకన్ల ముందే, తిరుగుట మొదలుపెట్టవలెను. లేనిచో అవతలి గీతను దాటిపోవును.

ఇదంతయు వైమానికుని యెదుట తెరమీద పటముగా కనబడును. బోయింగ్ విమానములలో ఒక చిన్న త్రికోణము మన విమానము. దాని ముందు సాగు ముదురు గులాబిరంగు గీత దాని బాట. మార్గమును మార్చదలచినచో, క్రొత్త బాట మొదట తెల్లని తునుకల గీతగా మాత్రమే కనబడును. వైమానికుడు చూచి, సరియని తలచి, అమలు మీటను నొక్కిన పిదపనే అది గులాబిరంగు గీతగా మారును. ఆ మీట నొక్కుటకు ముందుండు రెండు మూడు సెకన్లు ఎంత విలువైనవో ఒక రాత్రి లోకమునకు తెలిసినది.

1995 డిసెంబరు 20వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి 965వ సంఖ్యగల బోయింగ్ 757 విమానము మయామి నుండి కొలంబియా దేశమందలి కాలీ నగరమునకు వచ్చుచుండెను. కాలీ ఒక పొడవైన లోయలో నున్నది. ఇరువైపుల ఎత్తైన పర్వతములు. విమానము ఆలస్యముగా బయలుదేరినది. ఉత్తరమునుండి నేరుగా దిగవచ్చునని నేలమీది అధికారి తెలుపగా వైమానికులు అంగీకరించిరి. దారి దగ్గరైనది, సిద్ధపడుటకు వ్యవధి తగ్గినది. అంతకుముందే కాలీకి నేరుగా పోవునట్లు కంప్యూటరునకు చెప్పియుండుటచే, నడుమనున్న తులువా అను బిందువు తెరమీదినుండి తొలగిపోయినది. అదెక్కడ నున్నదో వారు వెదకుకొనవలసి వచ్చినది.

దిగు బాటలో రోజో అను రేడియో కేంద్రము కలదు. కాగితపు పటములో దాని గుర్తు 'ఆర్' అను ఒక్క అక్షరము. వైమానికులు ఆ అక్షరమునే కంప్యూటరులో నొక్కిరి. అందు రోజో దొరకవలెనన్న పేరు పూర్తిగా వ్రాయవలసి యుండెను. 'ఆర్' క్రింద వచ్చిన జాబితాలో మొదటిది బొగోటా దగ్గరనున్న రోమియో అను వేరొక కేంద్రము. అది నూరు నాటికల్ మైళ్ళకు పైబడిన దూరమున నున్నది. సరిచూడకయే దానిని అమలు పరచిరి. విమానము ఆజ్ఞ తప్పక ఎడమకు, తూర్పు కొండలవైపునకు తిరిగినది. ఇంచుమించు ఒక నిమిషమునకు వారు పొరపాటు గ్రహించి కుడికి మరలిరిగాని, దిగుట మానలేదు. నేల దగ్గరైనదని హెచ్చరిక మ్రోగగా ముక్కు పైకెత్తి, ఇంజనులకు పూర్తి శక్తి నిచ్చిరి. కాని వేగము తగ్గించుటకై రెక్కలమీద లేపిన పలకలను మూయుట మరచిరి. సుమారు 8,900 అడుగుల ఎత్తున విమానము కొండను తాకినది. అందున్న 163 మందిలో 159 మంది మరణించిరి.

శిథిలములలో దొరికిన కంప్యూటరు జ్ఞాపకములో రోమియో పేరు చెరగక నిలిచియుండెను. యంత్రము లెక్క తప్పలేదు. చెప్పిన చోటికి చక్కని గీత గీచినది. ఆ గీతకు అడ్డముగా కొండలున్న సంగతి నాటి ఆ తెర చూపలేదు. తరువాతి సంవత్సరములలో, భూమి ఎత్తుపల్లములను జ్ఞాపకమందుంచుకొని, ఎదుటి కొండను ముందుగానే రంగులలో చూపి హెచ్చరించు యంత్రములు విమానములలో వ్యాపించినవి. అవి ఎన్నో ప్రాణములను కాపాడుచున్నవి.

అయినను మొదటి కాపలా మనుష్యునిదే. బాట మార్చునపుడు ఒక వైమానికుడు పేరు నొక్కగా, రెండవవాడు దిక్కును, దూరమును పటముతో పోల్చి చూచి, ఇద్దరును సరియన్న తరువాతనే అమలు మీట నొక్కవలెనని నేర్పుదురు. దారము ఎంత తిన్నగానైనను బిగియవచ్చును. మేకు సరియైన చోట పాతినదీ లేనిదీ చూడవలసినవాడు మేస్త్రియే.