పాత టైర్ల రబ్బరు కోర్టు

పాత టైర్లను తురిమి, ఆ రబ్బరు రేణువులను పాలీయురిథేన్ జిగురుతో కలిపి నేలపై పరచి తయారుచేసే ఆటస్థలమే రబ్బరు కోర్టు. ఇంటి పెరటిలో బాస్కెట్‌బాల్ వంటి ఆటల కొరకు కూడా దీనిని నిర్మిస్తారు. టైర్లలోని ఉక్కు తీగలను అయస్కాంతంతో ముందే వేరుచేస్తారు.

కోర్టు మన్నిక పై పొర కంటే అడుగు నేలపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పైమట్టి తొలగించి, కంకర పరచి, రోలరుతో అణచి, కాంక్రీటు వేస్తారు. నీరు నిలవకుండా మీటరుకు సుమారు 1 సెంటీమీటరు వాలు ఉంచుతారు. తడి ఆరని కాంక్రీటుపై రబ్బరు పరిస్తే పొర ఊడిపోతుంది. అందుచేత సాధారణంగా 28 రోజులు ఆగుతారు. ఈ పొర పడినవారికి దెబ్బ తగ్గిస్తుంది గాని, మరీ మందమైతే బంతి సరిగా ఎగరదు. నల్లని రబ్బరు ఎండకు బాగా వేడెక్కుతుంది.

కృత్రిమ పచ్చికలో నింపే విడి రేణువులు సూక్ష్మ ప్లాస్టిక్‌గా మట్టిలో కలుస్తాయి. 2023 నాటి నియమం ప్రకారం ఐరోపా సమాఖ్యలో వీటి అమ్మకం 2031 అక్టోబరు నుండి నిషిద్ధం. జిగురుతో బిగించిన కోర్టులో ఈ చిక్కు తక్కువే, అంచులు అరగనంత వరకు.