లినక్స్‌లో కొత్త వెర్షన్ – పాతదాని పక్కనే

డెబియన్ లినక్స్ వాడే విద్యార్థులకు తరచుగా ఒక సందేహం వస్తుంది. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12లో పైథాన్ 3.11 ఉంది. అదే ఏడాది అక్టోబరులో పైథాన్ 3.12 వచ్చింది. కానీ డెబియన్ 12ను ఎన్నిసార్లు అప్‌డేట్ చేసినా పైథాన్ 3.11 దగ్గరే ఆగిపోతుంది. ఇది లోపమా? కాదు, కావాలని చేసిన ఏర్పాటే. ఎందుకో చూద్దాం.

ఊరందరికీ ఒకే బావి

లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ ఒక ప్యాకేజీగా వస్తుంది. తాను పనిచేయడానికి ఇంకా ఏయే ప్యాకేజీలు కావాలో తెలిపే జాబితా కూడా అందులోనే ఉంటుంది. ప్యాకేజీ మేనేజర్ ఆ జాబితాను చదివి, కావలసినవన్నీ తెచ్చి, ఏ ఫైలు ఏ ప్యాకేజీదో లెక్క రాసుకుంటుంది. డెబియన్‌లో ఈ పని చేసేది ఆప్ట్.

చాలా ప్రోగ్రాములకు ఉమ్మడిగా పనికివచ్చే భాగాలను లైబ్రరీలు అంటారు. వీటిలో ముఖ్యమైనది సీ లైబ్రరీ. దాదాపు అన్ని ప్రోగ్రాములూ దానిపైనే ఆధారపడతాయి. ఊరంతా ఒకే బావి నీళ్ళు తాగుతున్నట్లన్నమాట. ఒక ఇంటి అవసరం కోసం ఆ బావిని తవ్వి మార్చబోతే ఊరంతటికీ ఇబ్బందే. అందుకే డెబియన్ స్థిర విడుదలలో వెర్షన్లను ముందే ఖరారు చేసి, వాటన్నిటినీ కలిపి పరీక్షిస్తారు. తర్వాత వాటిని సాధారణంగా మార్చరు.

పాత సంఖ్య, కొత్త మరమ్మతు

మరి భద్రతా లోపం బయటపడితే? కొత్త వెర్షన్‌లోని మరమ్మతును మాత్రమే తీసుకుని పాత వెర్షన్‌కు అతుకుతారు. అసలు సంఖ్య అలాగే ఉంటుంది, చివరి తోక మారుతుంది. కాబట్టి సంఖ్య చూసి ప్రమాదాన్ని అంచనా వేయకూడదు.

కొత్తదే సురక్షితం అన్న నమ్మకానికి 2024 మార్చిలో గట్టి దెబ్బ తగిలింది. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో రహస్యంగా దొడ్డిదారి అమర్చారు. దూరం నుంచి కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి సుమారు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ దాన్ని పట్టుకున్నారు. అప్పటికి ఆ వెర్షన్లు డెబియన్ ప్రయోగ శాఖల్లోకి చేరాయి. పాత వెర్షన్‌తో నడుస్తున్న స్థిర విడుదలకు మాత్రం హాని జరగలేదు.

నిజంగా అవసరమైతే

అయినా కొన్నిసార్లు కొత్త సౌకర్యం లేనిదే పని జరగదు. అప్పుడు ఏం చేయాలి?

మొదట బ్యాక్‌పోర్ట్స్ చూడండి. తర్వాతి విడుదల కోసం తయారైన ప్యాకేజీలను మన విడుదలకు సరిపోయేలా మళ్ళీ కట్టి ఇందులో ఉంచుతారు. ఆప్ట్ లెక్క చెడదు. అయితే అన్ని ప్రోగ్రాములూ ఇందులో దొరకవు.

బొమ్మలు గీసేవి, వీడియోలు చూపేవి అయితే ఫ్లాట్‌ప్యాక్ అనుకూలం. తనకు కావలసిన లైబ్రరీలను అదే విడిగా తెచ్చుకుంటుంది. డిస్కులో చోటు ఎక్కువ పడుతుంది కానీ ఉమ్మడి బావి జోలికి పోదు.

మూడోది, సోర్స్ నుంచి స్వయంగా కంపైల్ చేసుకోవడం. యూజర్ డైరెక్టరీలోని 'లోకల్' విభాగం ఇందుకే ఉంది. ప్యాకేజీ మేనేజర్ అక్కడి ఫైళ్ళను ముట్టుకోదు. పైథాన్‌ను 'మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్' ఆదేశంతో చేర్చితే కొత్తది 'పైథాన్ 3.12' అన్న పూర్తి పేరుతోనే ఉంటుంది. ఉత్త 'పైథాన్ 3' అని పిలిస్తే పాతదే పలుకుతుంది. వ్యవస్థలోని ఇతర ప్రోగ్రాములకు ఆటంకం ఉండదు.

చేయకూడని పని ఒకటుంది. తర్వాతి విడుదల ప్యాకేజీలను నేరుగా తెచ్చి పాత విడుదలలో కలపకండి. ఒక ప్యాకేజీ కొత్త సీ లైబ్రరీని అడుగుతుంది, దాని వెంట మరికొన్ని మారతాయి. చివరికి అది ఏ విడుదలో చెప్పలేని పరిస్థితి వస్తుంది. శవాల ముక్కలతో కుట్టిన కథలోని వికృతాకారాన్ని తలచుకుని, ఇలాంటి వ్యవస్థకు 'ఫ్రాంకెన్‌డెబియన్' అని పేరు పెట్టారు. చాలా ప్రోగ్రాములు కొత్తవి కావాలంటే మొత్తం విడుదలనే మార్చుకోవడం మేలు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో పైథాన్ 3.13 ఉంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మీరు కంపైల్ చేసుకున్న ప్రోగ్రాం ఆప్ట్ లెక్కలో ఉండదు. రేపు అందులో లోపం బయటపడితే మరమ్మతు దానంతట అది రాదు. ఆ కాపలా మీదే. అందుకే మొదలుపెట్టే ముందు ప్రశ్నించుకోండి: కావలసింది కొత్త సౌకర్యమా, కొత్త సంఖ్యా?