నమూనా రైలింజను గేర్లు: అపోహలు – వాస్తవాలు

అసలు బండిని 87వ వంతుకు కుదించే హెచ్‌ఓ స్కేలు డీజిల్ ఇంజను కుంటుతూ నడిస్తే, గేర్లు ఎండిపోయాయని, నాలుగు చుక్కల నూనె వేస్తే సర్దుకుంటుందని చాలామంది భావిస్తారు. కొన్ని సందర్భాల్లో అది నిజమే అయినా, తరచుగా ఎదురయ్యే ఒక పెద్ద లోపాన్ని గుర్తించకుండా అడ్డుపడేది కూడా ఈ నమ్మకమే. ఇరుసు మీది గేరు చిట్లడం ఆ లోపం. దాన్ని ఏ నూనే బాగుచేయలేదు.

ఇలాంటి ఇంజనులో మోటారు శక్తిని మరచుట్లు గల వర్మ్ అనే భాగం అందుకుని, చక్రాలను మోసే చట్రమైన బోగీలోని గేర్ల వరుస ద్వారా ఇరుసు మధ్యనున్న ప్లాస్టిక్ గేరుకు చేరవేస్తుంది. రెండు పట్టాల ద్వారా విద్యుత్తు అందే పద్ధతిలో ఎడమ, కుడి చక్రాల మధ్య విద్యుత్ సంబంధం ఉండకూడదు కనుక, ఇరుసును రెండు లోహపు ముక్కలుగా చేసి, గేరుతో కలిపి పోతపోసిన ప్లాస్టిక్ గొట్టంలోకి రెండు వైపుల నుంచి బిగువుగా దిగగొడతారు. చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

బాగా తిరిగి అరిగిన గేరే పగులుతుందన్నది మరో అపోహ. ఇరుసు ముక్క గొట్టం రంధ్రం కన్నా కాస్త లావుగా ఉండబట్టే బిగింపు నిలుస్తుంది. అంటే ఇంజను తిరిగినా తిరగకపోయినా ప్లాస్టిక్‌ను లోపలి నుంచి ఒత్తిడి సాగదీస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి భరించిన తరువాత, గోడ పల్చగా ఉండే చోట, సాధారణంగా రెండు పళ్ల నడుమ పల్లంలో, అది చిట్లుతుంది. పెట్టెలోంచి తీయని ఇంజనులో కూడా పగిలిన గేర్లు కనిపించడానికి కారణం ఇదే. లైఫ్-లైక్ సంస్థ ప్రోటో 2000 శ్రేణిలోని జీపీ9 వంటి నమూనాలు అమెరికా అభిరుచిపరులలో ఈ లోపానికి పేరుమోసిన ఉదాహరణ.

పగులు దగ్గర పళ్ల ఎడం పెరగడం వల్ల, పక్క గేరు పన్ను అక్కడ సరిగా ఇమడక, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఇంజను ఒకసారి కుదుపుతుంది. అసలు జీపీ9 చక్రం వ్యాసం 40 అంగుళాలు. హెచ్‌ఓలో అది సుమారు 11.7 మిల్లీమీటర్లు, చుట్టుకొలత దాదాపు 37 మిల్లీమీటర్లు. కాబట్టి సుమారు ప్రతి 37 మిల్లీమీటర్లకు కుదుపు వస్తే ఇరుసు గేరునే అనుమానించాలి. 9 అంగుళాల పట్టా ముక్కల అతుకుల వల్ల వచ్చే చప్పుడైతే దాదాపు 229 మిల్లీమీటర్లకు ఒకసారి వినిపిస్తుంది. పట్టు వదిలిన ఇరుసు ముక్కలు జరిగితే చక్రాల ఎడం మారి, పట్టాలు చీలే పాయింట్ల దగ్గర బండి పట్టా తప్పవచ్చు. ఆ నేరం అన్యాయంగా పట్టాల మీద పడుతుంది.

సూపర్ గ్లూతో అతికితే చాలునన్న నమ్మకం నిలిచేది కాదు. గేర్లకు తరచుగా వాడే అసిటాల్ ప్లాస్టిక్‌కు ఉన్న జారుడు గుణమే జిగురును పట్టనివ్వదు. పైగా పగులు తెచ్చిన ఒత్తిడి అలాగే ఉంటుంది. అదే ఇంజనులోని మిగతా ఇరుసు గేర్లదీ అదే స్థితి కనుక, అన్నిటినీ ఒకేసారి మార్చడం మేలు.

నూనె ఎంత ఎక్కువైతే అంత మంచిదన్నదీ పొరపాటే. మిగులు నూనె చక్రాలకు చేరితే విద్యుత్తు సరిగా అందదు, మోటారు కమ్యుటేటర్‌కు చేరితే మురికి పేరుకుంటుంది. కొన్ని పెట్రోలియం నూనెలు ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి కూడా. పాత గ్రీజు మైనంలా గట్టిపడితే దాన్ని పూర్తిగా తుడిచాకే, ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజును పళ్లకు పలుచగా పట్టించాలి. కొత్త ఇంజను స్వల్ప బిగువును కాసేపు నడపడం తగ్గిస్తుంది గానీ పగిలిన గేరును మాత్రం మరింత చెరుపుతుంది. ఇంజనును చేత్తో నెట్టి పరీక్షించడం కూడా తగదు: వర్మ్ గేరును తిప్పగలదు, చాలా నమూనాల్లో గేరు వర్మ్‌ను తిప్పలేదు, బలవంతం చేస్తే పళ్లు దెబ్బతింటాయి.

వర్మ్‌ను విడదీశాక బోగీని పట్టా మీద వేలితో దొర్లించినప్పుడు కుదుపు చేతికి తెలిస్తే, దోషం గేర్లలోనో ఇరుసులోనో ఉన్నట్టు. బోగీ నున్నగా దొర్లి, విడిగా తిప్పిన మోటారు గరగరలాడితే లోపం మోటారుది. రెండూ బాగానే ఉండి, కూర్చిన ఇంజను ఒక దిశలో మాత్రమే చప్పుడు చేస్తే, వర్మ్ ముందుకూ వెనక్కూ ఎక్కువగా జరుగుతున్నదేమో చూసి, అవసరమైతే దాని చివర పల్చని వాషరు వేయాలి.