బండి లాగకపోతే ముందు ఏది చూడవలె?

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారిన తరువాత కోస్తా జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాల్లో కాంపులు కట్టుకొన్న మన పెద్దలకు ఎడ్లబండి సంగతి కొట్టినపిండి. ఇరుసు కీచుమంటే కందెన వేసేవారు. ఎద్దు కుంటితే గిట్ట ఎత్తి చూచేవారు. ఎద్దు లాగకపోతే మేత తిన్నదా, నీళ్ళు త్రాగినదా అని అడిగేవారే గాని, వెంటనే సంతకు తోలి మరొక ఎద్దును కొనేవారు కారు. ఇప్పుడు ఇంటి ముందు కారు ఉన్నది. అది లాగకపోతే మాత్రము మనము అడిగేది ఏమీ లేదు. షాపుకు తోలడము, చెప్పిన సామాను కొని ఇవ్వడము, అంతే.

కాంపులో కారు షోకు వస్తువు కాదు. నడిరాత్రి పురిటినొప్పులు వచ్చినా, పొలములో పాము కరిచినా, ఆ బండిలోనే సింధనూరో రాయచూరో చేరవలె. అటువంటి బండిని అనుమానము మీద మరమ్మతు చేయిస్తే డబ్బు పోవడము ఒక నష్టము. అసలు జబ్బు లోపలే దాగి ఉండి, అవసరమైన రాత్రి బయటపడడము అంతకంటే పెద్ద నష్టము. పంపు మార్చి, ప్లగ్గులు మార్చి, బాటరీ మార్చి, చిట్టచివరకు ఒక వదులు బోల్టు బిగిస్తే బాగుపడిన బండ్ల కథలు అందరము విన్నవే. అందుచేత చదువరులకు మా మనవి: కొలిచి చూడనిదే ఏ సామానూ మార్చనివ్వకండి.

మేస్త్రీతో ‘పికప్పు లేదు’ అనడము వైద్యుడితో ‘ఒంట్లో బాగాలేదు’ అన్నట్టే ఉంటుంది. ఎప్పుడు లేదు? ఉదయము చల్లని ఇంజను మీదనా, గంట సేపు నడిచి కాగిన తరువాతనా? ఖాళీగా పోయేటప్పుడా, ఆరుగురు ఎక్కినప్పుడా? ఏసీ వేస్తేనే వస్తున్నదా? ఒక్కసారిగా పోయిందా, నెలల తరబడి మెల్లగా తగ్గిందా? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితము మీద వ్రాసి తీసుకొనిపోతే మేస్త్రీ పని తేలికవుతుంది. మన జిల్లా చాలావరకు బల్లపరుపు నేల గనుక తగ్గిన బలము చాలా కాలము తెలియదు. మంత్రాలయము దాకా హాయిగా వెళ్ళి వచ్చిన కారే శ్రీశైలము ఘాటులో ఆయాసపడుతుంది. పెట్రోలు బంకు వాడినో, ఘాటునో తిట్టుకొంటాము గాని, ఆ జబ్బు ఇంటి దగ్గర బయలుదేరినప్పుడే ఉన్నది.

ఇంజనుకు మొదటి ఆహారము గాలి. ఒక పాలు పెట్రోలు సరిగా కాలడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావలె. లెక్క కడితే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి అవుతుంది. ఆ గాలి అంతా ఒక్క కాగితపు జల్లెడ గుండా పోవలసినదే. కాలువ గట్ల మీది నల్లరేగడి దుమ్ము, వరికోత యంత్రాలు లేపే పొట్టు, రైసు మిల్లుల చుట్టూ ఎగిరే తవుడు, ఇవన్నీ మన కార్లు పీల్చేవే. కంపెనీ పుస్తకములో ఇన్ని వేల కిలోమీటర్లకు ఎయిర్ ఫిల్టరు మార్చండి అని ఉంటే అది సాధారణ రోడ్లకు వ్రాసిన మాట. దుమ్ము చోట్ల త్వరగా మార్చమని ఆ పుస్తకమే వేరొక చోట చెప్తుంది, మనము అక్కడ చదవము. ఫిల్టరు బయటకు తీసి సూర్యునికి ఎదురుగా పట్టండి. వెలుతురు రాకపోతే దాని పని అయిపోయినది. కాగితపు ఫిల్టరును నీళ్ళతో కడగరాదు. అది తీసివేసి ఊరికే నడపడము మరీ చేటు. ఆ దుమ్ము సిలిండరు గోడలను గీకుతుంది. పాత కార్బురేటరు బండ్లలో గాలి అందకపోతే నల్లపొగ వచ్చి తెలిసేది. ఇంజెక్షను కార్లలో కంప్యూటరు గాలికి తగినట్టు పెట్రోలు తగ్గిస్తుంది కనుక పొగ ఉండదు, బలము మాత్రమే పోతుంది. కోతలు కాగానే రేడియేటరు రెక్కల మధ్య ఇరుక్కొన్న పొట్టును కూడా దులపవలె. ఇంజను వేడెక్కితే కంప్యూటరు తానే బలము తగ్గిస్తుంది.

ఇక్కడ ఎండను కూడా తలచుకోవలె. 42 డిగ్రీల మధ్యాహ్నము గాలి 15 డిగ్రీల ఉదయపు గాలి కంటే నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్ళు పలుచన. ఆ మాత్రము బలము తగ్గడము జబ్బు కాదు, వైశాఖ మాసము.

ఇక చమురు సంగతి. పాత అంబాసిడరు, ఫియట్టు ఉన్న ఇండ్లలో వేసవిలో దారి మధ్య ఆగి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసిన జ్ఞాపకము ఉండే ఉంటుంది. గొట్టములో పెట్రోలు ఆవిరి అయ్యి పంపు లాగలేకపోయేది. నేటి కార్లలో పంపు టాంకిలోనే మునిగి ఉంటుంది, ఆ బాధ చాలావరకు తీరింది. 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళు ఎథనాలు కలిపి అమ్మడము వాడుకలోకి వచ్చింది. ఎథనాలులో శక్తి పెట్రోలులో సుమారు మూడింట రెండు వంతులే కనుక మైలేజి కొంత తగ్గితే దానికి ఇంజను విప్పించవద్దు. డీజిలు కారయితే ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలడము మరువవద్దు. టర్బో గొట్టము చిట్లితే ఈలవంటి శబ్దము, నల్లపొగ, బలహీనత మూడూ కలిసి వస్తాయి. 2020 తరువాతి డీజిలు కార్లలో పొగగొట్టానికి మసి పట్టే జల్లెడ ఒకటి ఉన్నది. కాంపు నుంచి అంగడికి, అంగడి నుంచి కాంపుకు తిరిగే బండిలో ఆ మసి కాలదు. అప్పుడప్పుడు పెద్దరోడ్డు మీద అరగంట ఆగకుండా నడిపితే కాలుతుంది.

ఇంజను హోరెత్తుతున్నా వేగము పెరగకపోతే క్లచ్చి జారుతున్నది. దిగి చూస్తే ఒక్క చక్రము దగ్గరే సెగ కొడితే బ్రేకు పట్టుకొన్నది. రెంటిలోనూ ఇంజను నిర్దోషి.

ఇంక కరెంటు. చాలామంది దీనిని వేరే జబ్బుగా చూస్తారు; లైట్లు, హారను మాత్రమే దాని క్రిందికి వస్తాయనుకొంటారు. 1912లో అమెరికాలో కాడిలాకు కార్లకు విద్యుత్తు స్టార్టరు వచ్చినా, మన తొలినాటి అంబాసిడర్లకు హాండిలు త్రిప్పి స్టార్టు చేసే వసతి ఉండనే ఉండేది. నేటి కారులో పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, స్పార్కు ఇచ్చే కాయిళ్ళు, ఆక్సిలరేటరు సైతము కరెంటు మీదనే నడుస్తాయి. పంపుకు పోయే దారిలో రెండు వోల్టులు నష్టపోతే పంపు మందగిస్తుంది. చదును రోడ్డు మీద ఆ కొద్ది పెట్రోలే సరిపోతుంది. లారీని దాటబోయే క్షణములో చాలదు. అప్పుడు ‘ఇంజను పోయింది’ అంటాము.

కొద్ది వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు ఒకటి ఇంట్లో ఉంచుకొంటే ఈ అనుమానము చాలావరకు తీరుతుంది. రాత్రంతా ఊరకే ఉన్న బాటరీ ఉదయము 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక. 12 అయితే దాదాపు ఖాళీ. స్టార్టు చేసేటప్పుడు తొమ్మిదిన్నర క్రిందికి పడితే బాటరీ నీరసము. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వరకు ఉండవలె. కొన్ని కొత్త కార్లు కావాలనే దీనిని తగ్గించి పెంచుతుంటాయి కనుక ఒక్క కొలతతో ఆల్టర్నేటరును మార్పించకండి.

అన్నిటికంటే తక్కువగా చూచేదీ, అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించేదీ ఎర్తు. కరెంటు బాటరీ నుంచి పోవడమే గాదు, ఇంజను, బాడీ ఇనుము గుండా తిరిగి బాటరీకి రావలె. ఆ తిరుగు దారిలోని తీగ తుప్పు పట్టినా, బోల్టు వదులయినా చాలు. స్టార్టరు 200 ఆంపియర్లు లాగేటప్పుడు ఓములో నూరవ వంతు అడ్డు ఉంటే రెండు వోల్టులు అక్కడే మాయమవుతాయి. పరీక్ష సులభమే. గేరు న్యూట్రలులో పెట్టి, హాండుబ్రేకు వేసి, మీటరు ఒక కొన బాటరీ నెగటివు మొన మీద, రెండవ కొన ఇంజను మీది రంగులేని ఇనుము మీద ఆనించి, మరొకరిని స్టార్టు చేయమనండి. అర వోల్టు లోపల ఉంటే దిగులు లేదు. ఒకటో, ఒకటిన్నరో చూపితే ఎర్తు తీగ విప్పి, గీకి, బిగించండి. చాలాసార్లు దీనికి ఖర్చు గరుకు కాగితము ముక్క మాత్రమే.

డాషుబోర్డు మీద ఇంజను దీపము వెలిగితే షాపులో యంత్రము తగిలించి ఒక కోడు చదువుతారు. ఆ కోడు చూపేది వీధి పేరు, ఇంటి పేరు కాదు. ఫలానా సెన్సారు కొలత తప్పుగా వస్తున్నదని చెప్తుందే గాని, తప్పు సెన్సారుదా, దాని తీగదా, ఎర్తుదా అన్నది చెప్పదు. కంప్యూటరుకు ఆ కొలత మీద నమ్మకము పోతే ఇంజనును కాపాడడానికి వేగము పెరగనివ్వదు. సెన్సారు కొనక ముందు ప్లగ్గు ఊడదీసి లోపల పచ్చని తుప్పు ఉన్నదేమో చూడమనండి. ఇంజనును ఒత్తిడి నీళ్ళతో కడిగించిన ఒకటి రెండు రోజులకు వచ్చే జబ్బులు తరచుగా ఇవే.

మరొక దొంగ మన పొలాల వాడే. కోతలు కాగానే ఎలుకలు వెచ్చదనము వెతుక్కొని బానెటు క్రింద చేరి తీగల తొడుగులు కొరుకుతాయి. వడ్ల బస్తాల కొట్టము ప్రక్కనే కారు నిలిపే ఇంటివారు వారానికి ఒకసారి బానెటు ఎత్తి గడ్డి, పెంటికలు ఉన్నవేమో చూడడము మంచిది. కొరికిన తీగకు టేపు చుట్టి ఊరుకోక, అతికించి తొడుగు వేయించవలె. ఎండలో టేపు జిగురు కరిగి ఊడివస్తుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే 10 ఆంపియర్ల చోట 30ది పెట్టేవారు, వట్టి రాగితీగ చుట్టేవారు ఉన్నారు. ఫ్యూజు కాలకపోతే దాని వెనుక తీగ కాలుతుంది, బండి అంటుకొంటుంది. ఏ తీగ ఎక్కడ ఒరుసుకొంటున్నదో వెతకడమే దారి. రెండు రోజులు నిలిపితే బాటరీ దిగిపోతున్నదంటే కొత్త బాటరీకి ముందు డిక్కీ దీపము సంగతి చూడండి. ఐదు వాట్ల దీపము ఆరకుండా ఉంటే రోజుకు పది ఆంపియర్‌ గంటలు తింటుంది. 35 ఆంపియర్‌ గంటల చిన్నకారు బాటరీ నాలుగవ రోజుకు నిలవదు. డిక్కీ మూసిన తరువాత దీపము ఆరిందో లేదో బయటినుంచి కనబడదు. సెల్ ఫోనును వీడియోలో పెట్టి లోపల ఉంచి మూత వేయండి, తరువాత తీసి చూచుకోవచ్చు.