ఆర్‌వీలో కరెంటు: రెండో బ్యాటరీయా, రెండో ప్యానెలా?

అమెరికాలో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ సంస్థ భూముల్లో చాలాచోట్ల 14 రోజుల దాకా డబ్బు కట్టకుండా ఆర్‌వీ (ఇల్లులా వాడుకునే బండి) నిలుపుకోవచ్చు. కరెంటు మాత్రం మనమే చూసుకోవాలి.

నిల్వ

12 వోల్టుల, 100 యాంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1,200 వాట్ అవర్లు. కరెంటు బిల్లు లెక్కలో 1.2 యూనిట్లు. లెడ్ యాసిడ్ రకాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కాబట్టి చేతికొచ్చేది 600. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,000 వాడుకోవచ్చు. అయితే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే దాన్ని చార్జ్ చేయకూడదు.

రోజు ఖర్చు (వాట్ అవర్లలో, సుమారుగా)

- కంప్రెసర్ ఫ్రిజ్: 500
- నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, 4 గంటలు: 80
- నాలుగు ఫోన్లు: 60
- నీళ్ల పంపు: 15

మొత్తం 655. చలి రాత్రయితే హీటర్ గ్యాస్‌తోనే మండినా దాని ఫ్యాన్ 5 గంటల్లో ఇంకో 450 లాగుతుంది. అప్పుడు ఖర్చు 1,105. ఏసీ జోలికి వెళ్లకపోవడమే మేలు: 1,500 వాట్ల ఏసీ అరగంటలో 750 మింగేస్తుంది.

రాబడి

200 వాట్ల సోలార్ ప్యానెల్ 5 గంటల మంచి ఎండలో, నష్టాలు పోను, 700 ఇస్తుంది. చెట్టు నీడ కొంచెం పడినా రాబడి బాగా పడిపోతుంది. బండి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని నింపే 30 యాంపియర్ల డీసీ-డీసీ చార్జర్ ఉంటే 2 గంటల డ్రైవింగ్‌తో 720 దాకా వస్తుంది.

జనరేటర్ 2,000 వాట్లదైనా, ఆర్‌వీలోని 45 యాంపియర్ల చార్జర్ గంటకు 600 మించి పంపలేదు. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ 80 శాతం నిండాక నెమ్మదిగానే తీసుకుంటుంది. అందుకే జనరేటర్‌ను పొద్దున, బ్యాటరీ బాగా తగ్గి ఉన్నప్పుడు వేసి, మిగతా 20 శాతం ఎండకు వదిలేయాలి.

ఏది కొనాలి?

మామూలు రోజుల్లో 655 ఖర్చుకు 700 రాబడి సరిపోతుంది. చలి రోజుల్లో మాత్రం రోజుకు 405 లోటు. రెండో లిథియం బ్యాటరీ కొంటే ఆ లోటు తీరదు, రెండు రోజులు వాయిదా పడుతుందంతే. రెండో ప్యానెల్ పెడితే, ఎండ కాసినన్నాళ్లూ రోజుకు 1,400 వస్తుంది. ముందు కొనాల్సింది అదే.